పార్శ్వపు నొప్పికి బలం మాత్రలు: వాడితే గడువు పెట్టి వాడండి

శ్రీకాకుళంలో మా మందుల షాపుకి వచ్చి "తలపోటుకి ఏదైనా బలం మాత్ర ఇవ్వమ్మా" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. నొప్పి మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట పుట్టినవాళ్ళు కొందరు. డాక్టరు రాసిన మందుతో పొద్దస్తమానం మత్తుగా ఉంటోందని మానేసినవాళ్ళు కొందరు. ఫోన్లో వీడియో చూసి మెగ్నీషియం పేరు చీటీ మీద రాసుకొచ్చేవాళ్ళు ఇంకొందరు. నేను ఫార్మసీ చదువుకున్నదాన్ని. కాలేజీ రోజుల నుంచీ పార్శ్వపు నొప్పితో, అంటే మైగ్రేన్‌తో, బతుకుతున్నదాన్ని కూడా. అందుకే కౌంటరు దగ్గర రెండు ముక్కల్లో తేల్చేసి పంపడానికి నాకు మనసొప్పదు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మైగ్రేన్ రాకుండా వాడే పోషక మాత్రల్లో రెండు మూడింటికి ఆధారం ఉంది. గొప్ప ఆధారమేమీ కాదు, కానీ ఉంది. అది కూడా ఫలానా పదార్థానికి, ఫలానా మోతాదుకి, ఫలానా గడువుకి మాత్రమే. మోతాదు మార్చేసి, గడువు గాలికొదిలేసి, "విటమినే కదా, ఏం చేస్తుంది" అని మింగేవాళ్ళకి ఆ ఆధారం వర్తించదు. డబ్బు పోతుంది, కొందరికి ఒళ్ళూ పాడవుతుంది. వాడితే మందులాగే లెక్కగా వాడాలి. అలా వీలుకాదనుకుంటే మానుకోవడమే మేలు. "విటమిన్లతో తలనొప్పి తగ్గుతుందా" అని తీసిపారేసే డాక్టర్లతోనూ నాకు పేచీయే. "సహజమైనది, ఎన్నాళ్ళైనా వాడుకోవచ్చు" అని అమ్మేవాళ్ళతో అంతకంటే పెద్ద పేచీ.

పార్శ్వపు నొప్పి ఎరగనివాళ్ళకి అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఒక పక్క కణత దగ్గరో, కనుబొమ్మ వెనకో మొదలవుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా పోటు. ట్యూబులైటు వంక చూడలేం, పక్కింటి మిక్సీ చప్పుడు భరించలేం, పోపు వాసనకే కడుపులో తిప్పేస్తుంది. నాలుగు మెట్లెక్కితే రెట్టింపవుతుంది. నాలుగు గంటల్లో పోవచ్చు, మూడు రోజులూ ఉండిపోవచ్చు. కొందరికి నొప్పికి ముందు కళ్ళెదుట వంకరటింకర మెరుపు గీతలు కదులుతాయి. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. అదీ ఇల్లూ పిల్లలూ ఉద్యోగమూ అన్నీ మీదపడే వయసులోనే. మన ఇళ్ళలో "పైత్యం చేసింది" అని శొంఠి అరగదీసి కణతలకి పట్టు వేసి, తలకి గుడ్డ బిగించి, చీకటి గదిలో పడుకోబెడతారు. ఆ చీకటి గది నిజంగానే మంచి వైద్యం. మాఘ ఆదివారం ఉపవాసం ఉండి అరసవల్లిలో ఎండన క్యూలో నిలబడినవాళ్ళకి, విజయనగరంలో సిరిమానోత్సవం రోజున అన్నం వేళ తప్పి డప్పుల మధ్య తిరిగినవాళ్ళకి ఆ రాత్రి నొప్పి ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆకలి, ఎండ, నిద్ర చాలకపోవడం, నెలసరి, ఇవన్నీ చాలామందిలో నొప్పిని రేపేవే.

ఆకలితో నొప్పి రావడానికీ, పోషకాలతో నొప్పి తగ్గవచ్చన్న ఆలోచనకీ మధ్య చుట్టరికం ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళ మెదడుని నొప్పి లేని రోజుల్లో ప్రత్యేకమైన స్కానుతో చూసినప్పుడు, కణాల్లో శక్తి నిల్వలు కొంచెం తక్కువగా కనబడ్డాయి. అక్కడ కొలిచేది ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ లాంటి పదార్థాలని. వాటిని వెలికితీసినవాళ్ళలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. సైరస్ ఫిస్కేతో కలిసి అమెరికాలో 1927లో మొదటిదాన్ని, 1929లో రెండోదాన్ని ఆయన లోకానికి చూపించారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఆ ఏటీపీ తయారయ్యే దారిలోనే మనం మాట్లాడుకునే మూడు పదార్థాలకీ పని ఉంది. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, అక్కడి ఎంజైములకి సాయం పడుతుంది. కోఎంజైమ్ క్యూ10 ఎలక్ట్రాన్లని ఒక దశ నుంచి ఇంకో దశకి మోసుకెళ్తుంది. మెగ్నీషియం తోడు లేనిదే ఏటీపీ కణానికి అక్కరకి రాదు. నాడీకణాలు అతిగా ఉద్రేకపడకుండా పట్టి ఉంచడంలోనూ మెగ్నీషియానికి చెయ్యుంది. వినడానికి ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. వీడియోల్లో చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపి మాత్రలు అమ్మేస్తారు. శరీరంలో ఒక పదార్థానికి పని ఉన్నంత మాత్రాన దాన్ని గుప్పెడు మింగితే రోగం తగ్గుతుందని లేదు. మనుషులకి ఇచ్చి చూడాలి. పక్కన మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపునీ పెట్టి చూడాలి.

రైబోఫ్లేవిన్‌ని అలా చూశారు. 1998లో బెల్జియంలో జాన్ స్కోనెన్ బృందం 55 మందిని తీసుకుని, కొందరికి రోజుకి 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర మూడు నెలలు ఇచ్చింది. విటమిన్ వాడినవాళ్ళలో 59 శాతం మందికి నొప్పి సగమో అంతకంటే ఎక్కువో తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 15 శాతం మందికి తగ్గింది. పెద్ద తేడాయే. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ కూడా రోజుకి 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ కొందరికి ఉపయోగపడవచ్చని చెబుతోంది.

ఇప్పుడు మన షాపుల్లో జరిగేది చూడండి. "తలనొప్పికి బి2 మంచిదట" అని అడిగితే చేతిలో పడేది మామూలు బి-కాంప్లెక్స్ గోలీ. దాని అట్ట వెనక్కి తిప్పి చదివితే రైబోఫ్లేవిన్ సాధారణంగా 10 మిల్లీగ్రాములు ఉంటుంది. పరీక్షలో ఇచ్చింది దానికి నలభై రెట్లు. ఆ గోలీ రోజుకొకటి చొప్పున ఏడాది మింగి "విటమిన్లన్నీ దండగ" అన్నా తప్పే. నలభై రెట్లు కదా అని ఆ గోలీలే ఎక్కువెక్కువ మింగితే మరీ ప్రమాదం. అందులో బి6 కూడా ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో నెలల తరబడి ఒంట్లోకి వెళ్తే నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. రైబోఫ్లేవిన్ ఒక్కటే ఎక్కువ మోతాదులో ఉన్న మాత్ర విడిగా దొరుకుతుంది. కావలసింది అది. రాసే డాక్టరు "విటమిన్ బి2" అని రాసి ఊరుకోకుండా పక్కన 400 అని అంకె వేస్తే, షాపులో ఏది పడితే అది ఇవ్వడానికి వీలుండదు.

ఆ మోతాదులో రైబోఫ్లేవిన్ వాడితే మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది. ఒంటికి అక్కర్లేని విటమిన్ బయటికి పోవడమే అది, హాని లేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఏమవుతుందో మా కౌంటరు దగ్గర చూస్తూనే ఉంటాను. ఆమదాలవలస వైపు నుంచి వచ్చే ఒక అప్ప మాత్రల అట్ట కొంగున కట్టుకుని మొహం వేలాడేసుకుని వచ్చింది. "ఒంటికెళ్తే పచ్చగా వస్తంది పాపా, పచ్చకామెర్లు గానీ కావు గదేటి?" అని. అప్పటికే పసరు పోయించుకోడానికి మనిషిని మాట్లాడుకుంది కూడా. కళ్ళలో తెల్లగుడ్డు పచ్చబడలేదని అద్దంలో చూపించి, ఎందుకలా వస్తుందో చెప్పాక గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

ఆ పసుపు రంగులోనే శాస్త్రానికి సంబంధించిన చిక్కు కూడా ఒకటుంది. రంగు చూసి తాను వేసుకునేది అసలు మాత్రేనని రోగి పసిగట్టవచ్చు, ఆ నమ్మకంతోనే సగం గుణం కనిపించవచ్చు. 2004లో అమెరికాలో ఒక బృందం 49 మందితో దీన్ని తెలివిగా చూసింది. ఒక గుంపుకి 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్, 300 మెగ్నీషియం, వాటితోపాటు ఫీవర్‌ఫ్యూ అనే మూలిక కలిపి ఇచ్చారు. రెండో గుంపుకి ఉత్తుత్తి మాత్రకి బదులు 25 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ ఇచ్చారు, రంగు ఇద్దరికీ వచ్చేలా. మొదటి గుంపులో 42 శాతం మందికి, రెండో గుంపులో 44 శాతం మందికి నొప్పులు సగం తగ్గాయి. తేడా లేదు. 25 మిల్లీగ్రాములే చాలేమో, లేక రంగు చూసిన నమ్మకం పనిచేసిందేమో. ఏదైనా కావచ్చు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. "మూడూ కలిపిన మాత్ర, మూడింతలు గుణం" అని అమ్మే ఖరీదైన పెట్టెలకి ఈ పరీక్ష అండగా నిలబడదు.

మెగ్నీషియం సంగతి ఇంకొంచెం మెలికలతో ఉంటుంది. 1996లో జర్మనీలో 81 మందికి ముందు నాలుగు వారాలు ఏమీ ఇవ్వకుండా నొప్పుల లెక్క రాయించి, తర్వాత పన్నెండు వారాలు రోజుకి 600 మిల్లీగ్రాముల మెగ్నీషియాన్ని సిట్రేట్ రూపంలోనో, లేదా ఉత్తుత్తి మాత్రో ఇచ్చారు. చివరి నాలుగు వారాల్లో మెగ్నీషియం వాడినవాళ్ళకి నొప్పులు 41.6 శాతం తగ్గాయి, రెండో గుంపుకి 15.8 శాతం. అదే ఏడాది వచ్చిన ఇంకో పరీక్షలో, వేరే రూపంలో, ఇంత కంటే కొంచెం తక్కువ మోతాదులో ఇస్తే ఏ లాభమూ కనబడలేదు. గుణం కనిపించిన పరీక్షలోనూ ప్రతి ఐదారుగురిలో ఒకరికి విరేచనాలు పట్టుకున్నాయి. నా సంగతి చెప్పాలంటే నాకు రైబోఫ్లేవిన్‌తో నొప్పులు తగ్గాయి, మెగ్నీషియం కడుపుకి పడలేదు. నా ఒక్కదాని అనుభవం ఎవరికీ రుజువు కాదు. మీకు అటూ ఇటూ కావచ్చు.

మెగ్నీషియం కొనేటప్పుడు పెట్టె మీది అంకె చూసి మోసపోకండి. ముందువైపు పెద్దక్షరాల్లో "మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా." అని ఉంటుంది. అది మొత్తం లవణం బరువు. అందులో అసలు మెగ్నీషియం దాదాపు 140 మిల్లీగ్రాములే. సిట్రేట్‌లోనూ ఆరో వంతుకి అటూఇటూగానే ఉంటుంది. ఆక్సైడ్‌లో అరవై శాతం ఉంటుంది గానీ ఒంటికి పట్టేది తక్కువ, విరేచనాలు ఎక్కువ. ఎలిమెంటల్ మెగ్నీషియం ఎంత అనేది పెట్టె వెనక చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. అది రాయని పెట్టె కొననక్కర్లేదు. ఇంకొక విషయం, అదే పెట్టె మీద ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది, "వైద్య అవసరాలకు కాదు" అన్న హెచ్చరిక కూడా ఉంటుంది. చట్టం దృష్టిలో అది ఆహార పదార్థం, మందు కాదు. మైగ్రేన్ మీద అది పనిచేస్తుందని అమ్మేముందు ఎవరికీ రుజువు చూపించనక్కర్లేదు. కానీ కొనేవాళ్ళు కొనేది వైద్యానికే. ఈ సందులోనే వ్యాపారమంతా నడుస్తోంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్ళు మనలో ఎంతోమంది. వాళ్ళు ఆ మాత్రకీ మెగ్నీషియానికీ నాలుగు గంటలైనా ఎడం పెట్టాలి. రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. కొన్ని యాంటీబయాటిక్‌లకీ ఇదే వర్తిస్తుంది.

ఈ జిల్లాలో ఉండి మెగ్నీషియం గురించి రాస్తూ ఉద్దానం ఊసెత్తకపోతే అది అన్యాయం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని ఆర్పేసిందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా అత్తవారి ఊరు అటువైపే, డయాలసిస్ అంటే ఏమిటో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. మెగ్నీషియం ఎక్కువైతే బయటికి పంపేది కిడ్నీలే. అవి దెబ్బతిన్నప్పుడు అది రక్తంలో పేరుకుపోతుంది. నీరసం, మత్తు, బీపీ పడిపోవడం, గుండె నెమ్మదించడం దాకా పోవచ్చు. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ సూచనా ఇవ్వదు. "నాకేం జబ్బు లేదమ్మా" అన్న మాట మీద ఆ ప్రాంతం మనిషికి మెగ్నీషియం పెట్టె ఇవ్వడం నాకు చేతకాదు. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, ఆ కాగితం డాక్టరుకి చూపించాకే మాత్ర. మా షాపులో ఇదే పద్ధతి. అడిగినవాళ్ళు విసుక్కుని ఇంకో షాపుకి వెళ్ళిన సందర్భాలున్నాయి. వెళ్ళనీ.

అదే నోటితో ఇంకో మాట. ఆ కిడ్నీలకి డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మెగ్నీషియం కంటే పెద్ద శత్రువులు. మైగ్రేన్ ఉన్న మనిషి వాటినే ఎక్కువ మింగుతాడు. అందుకే నొప్పి వచ్చాక అణిచే మాత్ర కంటే, నొప్పి రాకుండా చూసుకునే మార్గం మన ప్రాంతంలో ఇంకా ముఖ్యం. పోషక మాత్రల మీద నాకు శ్రద్ధ కలగడానికి అసలు కారణం ఇదే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరికి రావడం మంచిదే. కిడ్నీలకి అంతదాకా రాకుండా చూసుకోవడం మాత్రం మందుల షాపు కౌంటరు దగ్గరే మొదలవ్వాలి.

కోఎంజైమ్ క్యూ10 గురించి ఎక్కువ చెప్పను. 2005లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 42 మందిని తీసుకుని కొందరికి రోజుకి 300 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే వాళ్ళలో 47.6 శాతం మందికి నొప్పులు సగం తగ్గాయి, ఉత్తుత్తి మాత్రతో 14.4 శాతం మందికి. చిన్న పరీక్ష, మంచి ఫలితం. కానీ ఆ మోతాదులో నెలంతా వాడాలంటే మన జీతాలకి అందే ఖర్చు కాదు. కొనగలిగినవాళ్ళు, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడనివాళ్ళు డాక్టరుతో మాట్లాడి చూసుకోవచ్చు. డి విటమిన్ మీద చిన్న చిన్న పరీక్షలున్నాయి. లోపం ఉంటే ఎముకల కోసమైనా సరిచేసుకోవాలి. పాలల్లో కలుపుకునే 60,000 యూనిట్ల పొట్లాన్ని మాత్రం పరీక్ష లేకుండా, గడువు లేకుండా తాగుతూ పోకండి. అది ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి చివరికి ఆ దెబ్బా కిడ్నీల మీదే పడుతుంది.

"మూలికలైతే హాని ఉండదు కదా" అనేవాళ్ళకి బటర్‌బర్ కథ చెబుతాను. యూరపులో పెరిగే మొక్క అది, దాని వేరు నుంచి తీసిన సారాన్ని మైగ్రేన్‌కి వాడేవారు. 2012లో అమెరికా న్యూరాలజీ అకాడమీ, తలనొప్పి వైద్యుల సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో రైబోఫ్లేవిన్, మెగ్నీషియం రెండో వరుసలో ఉంటే, బటర్‌బర్ మొట్టమొదటి వరుసలో నిలబడింది. మూలికలన్నిటిలో దానికే గట్టి రుజువుందన్నారు. 2015కల్లా ఆ మార్గదర్శకాలనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. ఆ మొక్కలో సహజంగా ఉండే ఆల్కలాయిడ్లే కాలేయానికి విషం. వాటిని తీసేసి శుద్ధి చేశామన్న సరుకు మీద కూడా నమ్మకం నిలవలేదు. పనిచేసే పదార్థమే హానీ చేయవచ్చు. ఆన్‌లైన్లో ఇప్పటికీ ఆ పేరుతో సీసాలు కనబడితే కొనకండి. ఫీవర్‌ఫ్యూకి లాభం కొద్దిగా ఉన్నట్టు ఒక పరీక్ష చూపింది. గర్భిణులు దాని జోలికి పోకూడదు. అసలు గర్భం దాల్చినవాళ్ళు, దాల్చాలనుకునేవాళ్ళు ఈ పెట్టెలేవీ సొంతంగా మొదలుపెట్టకపోవడం మంచిది.

మరి తిండితో సరిపెట్టుకోలేమా అంటే, కొంతవరకు. 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ ఏ తిండితోనూ రాదు. మామూలు మనిషికి రోజుకి కావలసింది రెండు మిల్లీగ్రాములకి అటూఇటూగానే. మెగ్నీషియం సంగతి వేరు. వంద గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, 140 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నువ్వుల్లో, పలాస జీడిపప్పులో అంతకు రెట్టింపు పైనే. మన అమ్మమ్మలు పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళారు. ఇప్పుడు మనం పాలిష్ పట్టిన తెల్లన్నమూ, పొద్దున టిఫినుకి మైదా పూరీ తిని, మెగ్నీషియం సీసాలో కొంటున్నాం. అంబలి మైగ్రేన్‌ని తగ్గిస్తుందని నేననను, అలాంటి రుజువు నాకు కనబడలేదు. అయితే వేళకి కడుపులో పడే అంబలి ఆకలితో వచ్చే నొప్పిని ఆపుతుంది, అది మాత్రం చాలామందికి అనుభవమే. చేపల మీద మంచి పరీక్షే ఉంది. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, 182 మందితో పదహారు వారాలు చేశారు. చేపల్లో ఉండే ఒమేగా-3 పెంచి, గింజల నూనెల్లో ఉండే ఒమేగా-6 తగ్గించిన భోజనం తిన్నవాళ్ళకి నెలకి నాలుగు తలనొప్పి రోజులు తగ్గాయి. సాగరతీరం పొడవునా కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు దొరికే జిల్లాలు మనవి. కళింగపట్నంలోనో చింతపల్లిలోనో పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్తే మాంసం ధరలో ఎన్నో వంతుకే వస్తాయి. చేపనూనె గోలీకంటే పులుసే నయం. కాకపోతే మునిగేంత సన్‌ఫ్లవర్ నూనెలో వేపుడు చేస్తే ఆ పరీక్షలో చెప్పిన భోజనం కాదది.

ఇక అసలు మందుల మాట. నెలకి నాలుగు రోజులకి మించి నొప్పితో పనులు ఆగిపోతున్నవాళ్ళకి రోజూ వేసుకునే నివారణ మందులున్నాయి. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరామేట్, ఫ్లునరిజిన్ లాంటివి. పోషక మాత్రల కంటే వీటి మీద జరిగిన పరీక్షలు ఎక్కువ. ధర కూడా చాలా తక్కువ, ఫ్యాన్సీ సప్లిమెంటు పెట్టె ఒక్కటి కొనే డబ్బుతో ప్రొప్రనొలాల్ నెలల తరబడి వస్తుంది. వీటికీ ఇబ్బందులున్నాయి. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రొప్రనొలాల్ పనికిరాదు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళకి టోపిరామేట్ విషయంలో జాగ్రత్త కావాలి, కొన్నిటితో మత్తు, ఇంకొన్నిటితో బరువు. అందుకే డాక్టరు కావాలి. మన ఊళ్ళో న్యూరాలజిస్టు, అంటే నరాల డాక్టరు, చేతికందే దూరంలో ఉండడు. విశాఖపట్నంలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, అక్కడి ప్రైవేటు ఆసుపత్రికో ఒక రోజు కూలి వదులుకుని వెళ్ళాలి. ఆ దూరం మూలానే మందుల షాపు పెట్టె దగ్గరవుతోంది. ఈ బాధ నాకు తెలుసు. అయినా మొదటి మందు మొదలుపెట్టడానికి న్యూరాలజిస్టే అక్కర్లేదు, మంచి జనరల్ ఫిజీషియను చాలు.

ఒకటి మాత్రం ఏ పోషక మాత్రా బాగుచేయలేదు. ఎర్గోటమిన్, కెఫీన్, పారాసిటమాల్ కలిసిన మాత్రలాంటివి నెలకి పది రోజులు, ఉత్త పారాసిటమాల్ లాంటివి పదిహేను రోజులు, మూడు నెలల పాటు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే తలనొప్పి పుట్టిస్తాయి. నిద్ర లేస్తూనే నొప్పి, మాత్ర వేస్తే తగ్గడం, దిగగానే మళ్ళీ నొప్పి. అలాంటి మనిషికి మెగ్నీషియం అమ్మడం అంటే పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించకుండా నీళ్ళు చిలకరించడమే. ముందు ఆ మాత్రలు డాక్టరు చూపులో మాన్పించాలి.

ఇన్ని అంకెలు చెప్పాను కదా, ఇవన్నీ మీ ఇంట్లో ఉపయోగపడే చోటు గోడ మీది తెలుగు క్యాలెండరు. నొప్పి వచ్చిన రోజు తేదీ చుట్టూ సున్నా చుట్టండి. నొప్పి మాత్ర వేసుకుంటే కింద గీత. నెలసరి, ఉపవాసం, రాత్రి ప్రయాణం ఉంటే పక్కన ఒక అక్షరం. పోషక మాత్ర మొదలుపెట్టే ముందు ఒక నెలంతా ఇలా రాయాలి. ఎందుకంటే మైగ్రేన్ దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. మనం మాత్ర కోసం పరిగెత్తేది బాగా హెచ్చిన నెలలో. మర్నెల ఏ మాత్రా లేకపోయినా తగ్గేదే. ఆ తగ్గుదలని మాత్ర ఖాతాలో వేసేస్తాం. రైబోఫ్లేవిన్ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో కూడా 15 శాతం మందికి తగ్గింది చూశారా, ఈ హెచ్చుతగ్గులకీ అందులో భాగముంది. ముందు నెల లెక్క ఉంటే మూడు నెలల తర్వాత పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఒకేసారి రెండు మూడు మాత్రలు మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో తేలదు. సున్నాలు సగమైతే కొనసాగించాలో, ఎప్పుడు ఆపి చూడాలో డాక్టరుతో మాట్లాడండి. తగ్గకపోతే ఆపేయండి. మూడు నెలలు చాలు, "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనకండి.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరమూ మెడ బిగుసుకుపోవడమూ తోడైనది, మాట తడబడి చేయో కాలో పట్టు తప్పినప్పటిది, యాభై దాటాక కొత్తగా మొదలైనది, వీటికి ఈ వ్యాసం వర్తించదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

తోటి మందుల షాపులవాళ్ళని కూడా ఒకటి అడుగుతున్నాను. మైగ్రేన్‌కని పోషక మాత్ర ఇస్తే ఆ కవరు మీద మోతాదుతో పాటు ఆపే తేదీ కూడా పెన్నుతో రాయండి. నేను రాస్తాను. ఆ తేదీకి క్యాలెండరు కాగితం పట్టుకొచ్చి చూపిస్తేనే రెండో విడత ఇస్తాను. సున్నాలు తగ్గకపోతే ఆ డబ్బు విశాఖపట్నం బస్సు ఛార్జీకీ, డాక్టరు ఫీజుకీ ఉంచుకోమని చెప్పి పంపుతాను.